కరెన్సీ ఒకటి, ఖజానాలు ఇరవై ఒకటి: యూరో దేశాల్లో పన్ను, అప్పు అధికారాలు ఎవరి చేతిలో ఉండాలి?

మీరు అడిగింది ఇదీ: యూరో వాడే దేశాలన్నింటికీ కరెన్సీ ఒకటే, వడ్డీ రేటు నిర్ణయించే బ్యాంకూ ఒకటే. మరి పన్నులు, బడ్జెట్లు, అప్పులు మాత్రం ఎవరివి వారివే ఎందుకు? మన దేశంలో కేంద్రం, రాష్ట్రాలు పంచుకున్నట్టు అక్కడా పంచుకుంటే చిక్కు తీరిపోదా? పంచుకోవాలంటే ఏది ఎవరికి ఇవ్వాలి? అందుకు జర్మనీ ఒప్పుకుంటుందా?

రాష్ట్ర ఆర్థిక శాఖలో చాలాకాలం పనిచేసి, ఆ తర్వాత ప్రభుత్వ ఆదాయ వ్యయాల గురించి పాఠాలు చెప్పినవాడిని. ఈ ప్రశ్న మీద నాకు గట్టి అభిప్రాయమే ఉంది, ముందే చెప్పేస్తాను. ఒకే కరెన్సీ ఉన్న కూటమిలో కేంద్రం చేతిలో ఉండి తీరాల్సినవి మూడు: సంక్షోభం వచ్చినప్పుడు అప్పు తెచ్చి ఖర్చుపెట్టగల శక్తి, బ్యాంకు డిపాజిట్లకు హామీ, ఈ రెండింటికీ సరిపడే సొంత పన్ను ఆదాయం. బడులు, ఆసుపత్రులు, పింఛన్లు, ఉద్యోగుల జీతాలు, వాటి కోసం వేసే పన్నులు దేశాల దగ్గరే ఉండాలి. ఐరోపా ముప్పై ఏళ్లుగా ఇందుకు తలకిందులుగా నడిచింది. డబ్బును దేశాల దగ్గరే ఉంచి, ఆ డబ్బు మీద తనిఖీని పైకి పంపింది. గత పదిహేనేళ్లలో మీరు వార్తల్లో చూసిన గ్రీసు, ఐర్లండ్, స్పెయిన్ కష్టాల్లో సగం ఈ తారుమారు వల్ల వచ్చినవే అని నా నమ్మకం.

ముందు కొలతలు చూద్దాం. 1992 ఫిబ్రవరి 7న నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్‌లో సంతకాలైన ఒప్పందం ఉమ్మడి కరెన్సీకి పునాది వేసింది. 1999 జనవరి 1న 11 దేశాలతో యూరో మొదలైంది. 2026 జనవరి 1న బల్గేరియా రావడంతో ఆ సంఖ్య 21కి చేరింది. కరెన్సీకి సంబంధించిన అధికారమంతా ఫ్రాంక్‌ఫర్ట్‌లోని ఐరోపా కేంద్ర బ్యాంకుకు వెళ్లింది. ఖజానా మాత్రం దాదాపు ఉన్నచోటే ఉండిపోయింది. ఐరోపా సమాఖ్య (యూరో వాడనివి కూడా కలిపి 27 దేశాలు) ఉమ్మడి బడ్జెట్ సభ్యదేశాల జాతీయాదాయంలో సుమారు 1 శాతం. ఆ దేశాల్లో ప్రభుత్వాలన్నీ కలిసి పెట్టే ఖర్చు జీడీపీలో దాదాపు సగం. అమెరికాలో ఒక్క ఫెడరల్ ప్రభుత్వం ఖర్చే జీడీపీలో అయిదో వంతు దాటుతుంది. ఐరోపా ఖర్చుపెట్టే ఆ 1 శాతంలోనూ పెద్ద భాగం రైతుల సబ్సిడీలకు, వెనుకబడిన ప్రాంతాల నిధులకు పోతుంది. అవన్నీ ఏడేళ్లకు ముందుగానే రాసిపెట్టిన లెక్కలు, మాంద్యం వచ్చిందని అప్పటికప్పుడు పెంచడానికి వీలుండదు. ఆదాయం వైపు కూడా అంతే. కస్టమ్స్ సుంకాలు, వ్యాట్ మీద చిన్న వాటా, రీసైకిల్ చేయని ప్లాస్టిక్ ప్యాకింగ్ మీద కిలోకు 80 సెంట్ల చొప్పున దేశాలు కట్టే మొత్తం పోగా, అత్యధిక భాగం జాతీయాదాయాన్ని బట్టి సభ్యదేశాలు పంపే చందాయే.

ఇది తెలియక జరిగింది కాదు. డొనాల్డ్ మెక్‌డూగల్ అధ్యక్షతన పనిచేసిన నిపుణుల బృందం 1977లోనే ఒక లెక్క చెప్పింది. చిన్నపాటి సమాఖ్య ప్రభుత్వం ఉండాలన్నా ఉమ్మడి బడ్జెట్ జీడీపీలో 5 నుంచి 7 శాతం కావాలన్నది ఆ లెక్క. దాన్ని చూసి కూడా పక్కన పెట్టారు. రాజకీయంగా ఒప్పించగలిగింది కరెన్సీని మాత్రమే, మిగతాది తర్వాత అదే వస్తుందిలే అనుకున్నారు.

సొంత కరెన్సీ వదులుకున్న దేశం పోగొట్టుకునేది ఏమిటో రెండు ముక్కల్లో చెబుతాను. ఎగుమతులు తగ్గినప్పుడు కరెన్సీ విలువ తగ్గించుకునే దారి పోతుంది. దేశంలో మాంద్యం ఉన్నప్పుడు వడ్డీ తగ్గించే దారి కూడా పోతుంది, ఎందుకంటే వడ్డీ రేటు అందరి సగటు పరిస్థితిని చూసి పెడతారు. ఇక మిగిలేది బడ్జెట్ ఒక్కటే. అందుకే ఉమ్మడి కరెన్సీలో బడ్జెట్ మీద భారం పెరుగుతుంది. మాస్ట్రిక్ట్ ఒప్పందం సరిగ్గా దానికే కళ్లెం వేసింది: లోటు జీడీపీలో 3 శాతం దాటకూడదు, రుణం 60 శాతం దాటకూడదు, ఒక దేశం అప్పును మరొక దేశం నెత్తిన వేసుకోకూడదు, కేంద్ర బ్యాంకు ప్రభుత్వాలకు నేరుగా అప్పివ్వకూడదు. వీటిలో ఏ ఒక్క నియమాన్నీ నేను తప్పుపట్టను. సంక్షోభం వస్తే ఆదుకునే చెయ్యి ఏదో చెప్పకుండా ఈ నాలుగింటినీ ఒకేసారి పెట్టడమే తప్పు.

ఆ చెయ్యి ఉంటే ఎలా ఉంటుందో, లేకపోతే ఎలా ఉంటుందో 2008లో నాలుగు రోజుల తేడాతో లోకం చూసింది. సెప్టెంబరు 25న అమెరికాలో వాషింగ్టన్ మ్యూచువల్ బ్యాంకు మూతపడింది. సియాటిల్ కేంద్రంగా నడిచిన ఆ బ్యాంకు ఆస్తులు 30,000 కోట్ల డాలర్ల పైమాటే, అంత పెద్ద బ్యాంకు అమెరికా చరిత్రలో అంతకుముందు కూలలేదు. ఫెడరల్ డిపాజిట్ బీమా సంస్థ దాన్ని స్వాధీనం చేసుకుని అదే రోజు జేపీ మోర్గాన్ చేజ్‌కు అమ్మేసింది. డిపాజిట్‌దారులకు ఒక్క డాలరు నష్టం రాలేదు. బ్యాంకు ప్రధాన కార్యాలయం తమ గడ్డ మీదే ఉన్నా, వాషింగ్టన్ రాష్ట్ర గవర్నరు దాని కోసం తన ఖజానా నుంచి డాలరు తీయాల్సిన పని పడలేదు. ఆ తర్వాత ఆ రాష్ట్రంలో ఉద్యోగాలు పోయినవారికి పొడిగించిన నిరుద్యోగ భృతిలో పెద్ద భాగం ఫెడరల్ ప్రభుత్వమే భరించింది. వృద్ధుల పింఛన్లు ఎటూ అక్కడి నుంచే వస్తాయి. రాష్ట్రం పన్ను రాబడి తగ్గి ఇబ్బంది పడిన మాట నిజమే కానీ, దివాలా అంచుకు వెళ్లలేదు.

సెప్టెంబరు 29 రాత్రి డబ్లిన్‌లో ఐర్లండ్ మంత్రులు, అధికారులు తెల్లవారుజాము దాకా కూర్చున్నారు. ఆంగ్లో ఐరిష్ బ్యాంకు మర్నాటికి డబ్బు లేక ఆగిపోయే స్థితిలో ఉంది, మిగతా బ్యాంకులూ దాని వెంట పోతాయన్న భయం ఉంది. అమెరికాలో ఉన్నట్టు ఫోన్ చేసి అప్పగించడానికి ఐరోపా స్థాయిలో ఏ సంస్థా లేదు. తెల్లవారేసరికి ఆరు బ్యాంకుల బాధ్యతలన్నింటికీ ప్రభుత్వమే హామీ ఇచ్చింది. ఆ హామీ దేశ వార్షిక జీడీపీకి రెండింతలు దాటిపోయింది. అప్పటిదాకా ఐర్లండ్ నియమాలు పాటించడంలో ఆదర్శ విద్యార్థి. 2007లో దాని రుణం జీడీపీలో నాలుగో వంతు కూడా లేదు, బడ్జెట్‌లో లోటు మాటే లేదు. బ్యాంకులను నిలబెట్టడానికి చివరికి సుమారు 6,400 కోట్ల యూరోలు పెట్టింది. సుమారు 45 లక్షల జనాభా ఉన్న దేశంలో అది తలకు 14,000 యూరోల పైమాట. 2010లో లోటు జీడీపీలో 32 శాతానికి చేరింది. అదే ఏడాది నవంబరులో 8,500 కోట్ల యూరోల సహాయ ప్యాకేజీకి ఒప్పుకోవాల్సి వచ్చింది. అందులో 1,750 కోట్లు ఐర్లండ్ సొంత నిధులే, ప్రధానంగా భవిష్యత్ పింఛన్ల కోసం దాచిన సొమ్ము. ఆ బ్యాంకుల బాండ్లు కొన్న విదేశీ మదుపరులకు కూడా కొంత నష్టం పంచుదామంటే ఐరోపా కేంద్ర బ్యాంకు అడ్డుచెప్పింది. ప్రైవేటు బ్యాంకుల తప్పు పన్ను కట్టేవారి తలకు చుట్టుకోవడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ నాకు తెలియదు.

స్పెయిన్ కథ మరో కోణం చూపిస్తుంది. అక్కడ కూడా 2007లో బడ్జెట్‌లో మిగులే ఉంది, రుణం జీడీపీలో 36 శాతం దగ్గర ఉంది. 2011 నాటికి దాని రుణ నిష్పత్తి పెరిగినా, బ్రిటన్ నిష్పత్తి కంటే తక్కువే. అయినా ఆ ఏడాది చివర్లో స్పెయిన్ పదేళ్ల బాండ్ల మీద వడ్డీ 6 శాతం దాటింది, బ్రిటన్‌ది 2 శాతం చిల్లర. ఎక్కువ అప్పున్నవాడికి తక్కువ వడ్డీ ఎలా? బెల్జియం ఆర్థికవేత్త పాల్ డి గ్రావ్ అదే ఏడాది దీన్ని విడమరచి చెప్పారు. బ్రిటన్ బాండు అమ్ముకున్న మదుపరి చేతికి పౌండ్లు వస్తాయి. వాటిని డాలర్లుగా మార్చుకోవాలన్నా పౌండ్లు కొనేవాడు మరొకడు ఉండాలి. అంటే ఆ పౌండ్లు తిరిగి తిరిగి బ్రిటన్ ఆర్థిక వ్యవస్థలోనే ఉంటాయి, అవసరమైతే బాండ్లు కొనడానికి వారి కేంద్ర బ్యాంకు కూడా ఉంది. స్పెయిన్ బాండు అమ్మినవాడు అదే యూరోలతో మరుక్షణం జర్మనీ బాండు కొంటాడు. డబ్బు దేశం దాటిపోతుంది. భయపడి అమ్మితే వడ్డీ పెరుగుతుంది, వడ్డీ పెరిగితే ఆ భయం నిజమవుతుంది. సొంతంగా ముద్రించలేని కరెన్సీలో అప్పు చేసిన దేశానికి ఉండే ప్రమాదం ఇదే. 2012 జులైలో స్పెయిన్ వడ్డీ 7 శాతం దాటింది. ఆ నెల 26న లండన్‌లో ఐరోపా కేంద్ర బ్యాంకు అప్పటి అధ్యక్షుడు మారియో ద్రాగీ యూరోను కాపాడటానికి ఎంతవరకైనా వెళ్తామని ప్రకటించాక గానీ తగ్గలేదు. సెప్టెంబరులో బాండ్ల కొనుగోలు పథకం ప్రకటించారు. ఆ పథకం కింద ఇప్పటిదాకా ఒక్క బాండు కూడా కొనలేదు. వెనక ఒకరు ఉన్నారన్న నమ్మకమే సరిపోయింది.

ఇక్కడ ఆగి ఆలోచించాల్సిన సంగతి ఒకటుంది. ఖజానా లేని చోట కేంద్ర బ్యాంకు ఖజానా పని చేయాల్సి వచ్చింది. ఏ దేశం బాండ్లను ఆదుకోవాలి, ఏ షరతుల మీద అన్నది పచ్చి రాజకీయ నిర్ణయం. దాన్ని ఎవరూ ఎన్నుకోని అధికారులు తీసుకుంటున్నారు. ద్రాగీ చేసింది సరైన పనే, చేయకపోయి ఉంటే ఇవాళ యూరో ఉండేది కాదేమో. కానీ ఆ పని ఆయన మీద పడటమే వ్యవస్థలోని లోపం.

మరి నియమాలు, తనిఖీల సంగతి? మొదటి పరీక్షలోనే అవి తేలిపోయాయి. జర్మనీ, ఫ్రాన్స్ రెండూ 3 శాతం పరిమితి దాటాయి. 2003 నవంబరులో ఆర్థిక మంత్రుల మండలి ఆ రెండింటి మీద చర్యలను ఆపేసింది. ఐరోపా న్యాయస్థానం మరుసటి ఏడాది ఆ తీర్మానాన్ని కొట్టేసినా, 2005లో నియమాలనే సడలించారు. గ్రీసు సంక్షోభం తర్వాత పట్టు మళ్లీ బిగించారు. 2012లో 25 దేశాలు మరో ఒప్పందం చేసుకుని, సమతుల్య బడ్జెట్ నియమాన్ని తమ చట్టాల్లో రాసుకుంటామన్నాయి. స్పెయిన్ అప్పటికే తన రాజ్యాంగాన్ని సవరించేసింది. 2013 నుంచి ప్రతి యూరో దేశం అక్టోబరు 15 లోగా తన ముసాయిదా బడ్జెట్‌ను బ్రస్సెల్స్‌లోని ఐరోపా కమిషన్‌కు, అంటే సమాఖ్య కార్యనిర్వాహక సంస్థకు పంపాలి. 2018 అక్టోబరులో ఇటలీ 2.4 శాతం లోటుతో పంపిన ముసాయిదాను కమిషన్ తిప్పికొట్టింది. ఒక దేశం బడ్జెట్‌ను అలా వెనక్కి పంపడం అదే మొదటిసారి. రెండు నెలల బేరసారాల తర్వాత 2.04 దగ్గర ఒప్పందం కుదిరింది. ఆ అంకెలను జాగ్రత్తగా చూడండి. రెండూ 3 శాతం లోపే ఉన్నాయి, ఇంత గొడవ జరిగింది జీడీపీలో మూడో వంతు శాతం మీద. అదే ఫ్రాన్స్‌కు పదేపదే గడువు పొడిగించడం ఎందుకని 2016లో అడిగితే, అది ఫ్రాన్స్ కాబట్టి అని అప్పటి కమిషన్ అధ్యక్షుడు జాన్ క్లోడ్ యుంకర్ జవాబిచ్చారు. లోటు పరిమితి దాటినందుకు ఇంతవరకూ ఏ దేశం మీదా జరిమానా పడలేదు. 2016లో స్పెయిన్, పోర్చుగల్‌ల మీద వేయబోయి సున్నా యూరోలుగా ఖరారు చేశారు.

నేను నియమాలకు వ్యతిరేకిని కాను. అప్పులు ఎలా పేరుకుంటాయో, తీర్చే రోజు వచ్చినప్పుడు ఏ ఖర్చులు మొదట కోతపడతాయో దగ్గర నుంచి చూసినవాడిని. అయితే తనిఖీకి నైతిక బలం ఎక్కడి నుంచి వస్తుందో గమనించండి. పొరుగువాడి అప్పు పత్రం మీద హామీ సంతకం పెట్టినవాడికి అతని లెక్కలు అడిగే హక్కు ఉంటుంది. సంతకం పెట్టనని ఒప్పందంలోనే రాసుకున్నవాడు, ఆ హక్కు ఎక్కడి నుంచి తెచ్చుకుంటాడు? ఐరోపా తనిఖీ వ్యవస్థ ముప్పై ఏళ్లుగా ఈ ప్రశ్నకు జవాబు లేకుండానే నడుస్తోంది.

గ్రీసులో అది అన్నిటికన్నా బాధాకరంగా బయటపడింది. గ్రీసు ప్రభుత్వాలు లెక్కలు దాచిన మాట వాస్తవం. 2009 అక్టోబరులో కొత్త ప్రభుత్వం లోటు అంతకుముందు చెప్పినదానికి రెండింతలని బయటపెట్టింది, ఆఖరి లెక్కల్లో అది జీడీపీలో 15 శాతానికి చేరింది. 2010 మేలో 11,000 కోట్ల యూరోల రుణం ఇచ్చారు. దానితో పాటే ఏ పింఛను ఎంత తగ్గించాలి, ఏ వస్తువు మీద ఎంత వ్యాట్ వేయాలి అనేదాకా షరతులు వచ్చాయి. ఆ దేశ జీడీపీ దాదాపు నాలుగో వంతు కుంచించుకుపోయింది. 2015 జులై 5న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో 61 శాతం ఆ షరతులు వద్దన్నారు. అప్పటికి బ్యాంకులు మూసి, ఏటీఎంల నుంచి రోజుకు 60 యూరోలకు మించి తీసుకోనివ్వడం లేదు. వారం తిరిగేసరికి అదే ప్రభుత్వం కొత్త షరతుల మీద సంతకం చేయాల్సి వచ్చింది. అప్పిచ్చిన దేశాల ఓటర్లకూ తమ వాదన ఉంది, వారి డబ్బు వారి పార్లమెంటు అనుమతి లేకుండా ఎలా ఇస్తారు? రెండు ప్రజాస్వామ్యాలు ఢీకొన్నప్పుడు తీర్పు చెప్పడానికి రెండింటికీ పైన ప్రజలు ఎన్నుకున్న వేదిక లేదు. నాకు బాధ కలిగించేది అదే.

ఇప్పుడు మన పోలికకు వద్దాం. మన దగ్గర కేంద్రం వసూలు చేసే పన్నుల్లో పంచదగిన మొత్తంలో 41 శాతం 15వ ఆర్థిక సంఘం సిఫార్సు మేరకు రాష్ట్రాలకు వెళ్లింది. 293వ అధికరణ ప్రకారం కేంద్రానికి బాకీ ఉన్న రాష్ట్రం కేంద్రం అనుమతి లేకుండా కొత్త అప్పు చేయకూడదు. మంగళవారాల్లో రిజర్వు బ్యాంకు నిర్వహించే బాండ్ల వేలంలో ఆంధ్రప్రదేశ్ ఇన్ని వేల కోట్లు, తెలంగాణ ఇన్ని వేల కోట్లు తెచ్చాయని మీరు పత్రికల్లో చదువుతూనే ఉంటారు. ఆ వేలాల్లో రుణభారం ఎక్కువున్న రాష్ట్రానికీ తక్కువున్న రాష్ట్రానికీ వడ్డీలో తేడా స్వల్పమే. వెనక కేంద్రం ఉందని కొనేవారి నమ్మకం. కాబట్టి మన రాష్ట్రాలకు స్పెయిన్‌కు వచ్చినట్టు హఠాత్తుగా ఊపిరాడని స్థితి రాదు. దానికి మారుగా అప్పు పరిమితి ఢిల్లీ చేతిలో ఉంటుంది, ఏది రాష్ట్రం అప్పు కింద లెక్కించాలి అన్నదాని మీద గొడవలు నడుస్తాయి. కేరళ ఈ విషయం మీదే సుప్రీంకోర్టుకు వెళ్లింది, 2024 ఏప్రిల్‌లో ఆ కేసు రాజ్యాంగ ధర్మాసనానికి వెళ్లింది. కరోనా కాలంలో జీఎస్టీ పరిహారం చెల్లించడానికి సెస్సు చాలనప్పుడు రాష్ట్రాలు గట్టిగా పోరాడాక, 2020-21లో కేంద్రమే 1.1 లక్షల కోట్ల రూపాయలు అప్పు తెచ్చి రాష్ట్రాలకు అందించింది. తక్కువ వడ్డీకి అప్పు పుట్టేది కేంద్రానికే కాబట్టి అది సరైన నిర్ణయం.

ఐరోపాకు మన నమూనా యథాతథంగా సరిపోతుందని నేను అనను. మన పన్నుల్లో కేంద్రం వాటా చాలా ఎక్కువ, రాష్ట్రాలు చెయ్యి చాచాల్సిన సందర్భాలూ ఎక్కువే. పైగా మన రాష్ట్రాలు రాజ్యాంగం కింద ఏర్పడ్డవి, అక్కడి దేశాలు వందల ఏళ్ల చరిత్ర ఉన్న సార్వభౌమ రాజ్యాలు. అయితే ఒక పాఠం ఉంది. జీఎస్టీ మండలిలో కేంద్రానికి మూడో వంతు, రాష్ట్రాలన్నింటికీ కలిపి మూడింట రెండు వంతుల ఓటు బలం, నిర్ణయానికి నాలుగింట మూడు వంతుల మద్దతు కావాలి. ఏ ఒక్క రాష్ట్రమూ ఒంటరిగా ఆపలేదు. ఐరోపాలో పన్నుల విషయంలో 27 దేశాలూ ఏకగ్రీవంగా ఒప్పుకోవాలి. అయిదున్నర లక్షల జనాభా ఉన్న మాల్టా కూడా ఆపగలదు. ఏకగ్రీవం పట్టుకుని కూర్చుంటే ఉమ్మడి పన్ను ఆదాయం ఎన్నటికీ పెరగదు.

అమెరికా అనుభవం ఇంకా దగ్గరిది. 1790లో అమెరికా తొలి ఆర్థిక మంత్రి అలెగ్జాండర్ హామిల్టన్ పట్టుబట్టి రాష్ట్రాల యుద్ధ రుణాలను ఫెడరల్ ప్రభుత్వం మీద వేయించారు. చాలామంది కథను అక్కడితో ఆపేస్తారు, అసలు సంగతి తర్వాత ఉంది. 1840ల మొదట్లో కాలువలకు, బ్యాంకులకు అప్పులు తెచ్చిన ఎనిమిది రాష్ట్రాలు, అప్పటికింకా రాష్ట్రం కాని ఫ్లోరిడా చెల్లింపులు ఎగ్గొట్టాయి. మళ్లీ ఆదుకోమని అడిగితే కాంగ్రెసు కుదరదంది. ఆ దెబ్బతో రాష్ట్రాలు తమంతట తామే రాజ్యాంగాల్లో అప్పు పరిమితులు రాసుకున్నాయి. ఇప్పటికీ వెర్మాంట్ తప్ప దాదాపు అన్నిచోట్లా ఏదో ఒక రూపంలో సమతుల్య బడ్జెట్ నియమం ఉంది. రాజధాని వాషింగ్టన్ నుంచి ఎవరూ వచ్చి తనిఖీ చేయరు. ఒక రాష్ట్రం దివాలా తీసినా అక్కడి డిపాజిట్లు, వృద్ధుల పింఛన్లు, సైన్యం ఖర్చు ఆగవు కాబట్టే "మేం ఆదుకోం" అనే మాటను జనం నమ్ముతారు. ఐరోపాలో ఆ మాట ఒప్పందంలో ఉంది, 2010లో మొదటి దెబ్బకే నిలవలేదు. గ్రీసు కూలితే జర్మనీ, ఫ్రాన్స్ బ్యాంకులు కూలేవి, వాటిని నిలబెట్టే ఉమ్మడి ఖజానా లేదు. కేంద్రానికి సొంత శక్తి ఉంటేనే దేశాలను వాటి బాధ్యతకు వదిలేయగలదు. నేను చెప్పదలచుకున్నదానికి ఇదే ఇరుసు.

2020లో ఐరోపా ఒక అడుగు సరైన దిశలో వేసింది. కరోనా దెబ్బకు ఇటలీ, స్పెయిన్ అల్లాడుతుంటే, మే 18న అప్పటి జర్మనీ ఛాన్సలర్ మెర్కెల్, ఫ్రాన్స్ అధ్యక్షుడు మాక్రాన్ ఉమ్మడి అప్పు ప్రతిపాదించారు. నెదర్లాండ్స్, ఆస్ట్రియా, స్వీడన్, డెన్మార్క్ ఎదురుతిరిగాయి. జులై 17న మొదలైన శిఖరాగ్ర సమావేశం 21 తెల్లవారుజామున ముగిసింది. 2018 ధరల్లో 75,000 కోట్ల యూరోలు ఐరోపా పేరు మీద అప్పు తేవాలని, అందులో 39,000 కోట్లు తిరిగి ఇవ్వనక్కరలేని గ్రాంటుగా పంచాలని తేల్చారు. 27 పార్లమెంటులూ ఆమోదించాక 2021 జూన్‌లో మొదటి బాండ్లు వచ్చాయి. ఆ నిర్ణయం ప్రకటించిన నాటి నుంచే ఇటలీ వడ్డీ మీద ఒత్తిడి తగ్గింది. కాని దాన్ని ఒక్కసారికే అని రాసుకున్నారు. 2028 నుంచి 2058 దాకా తీర్చాల్సిన ఆ అప్పుకు సరిపడే ఉమ్మడి పన్ను ఏదో అప్పుడు తేల్చలేదు. అప్పు చేసే శక్తి ఇచ్చి, తీర్చే పన్ను ఇవ్వకపోవడం నన్ను ఇప్పటికీ కలవరపెడుతుంది.

ఎదుటి వాదనల్లో రెండింటిని నేను తేలిగ్గా తీసుకోను. మొదటిది ప్రజాస్వామ్యం. జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం 2009లోనే చెప్పింది: ఆదాయ వ్యయాల మీద నిర్ణయం జర్మనీ పార్లమెంటు చేతి నుంచి జారకూడదు. 2012 సెప్టెంబరులో, సంక్షోభంలో పడిన యూరో దేశాలకు అప్పిచ్చే సహాయ నిధికి అనుమతిస్తూ, జర్మనీ బాధ్యత 19,000 కోట్ల యూరోలు దాటాలంటే పార్లమెంటు మళ్లీ ఒప్పుకోవాలంది. ఇందులో న్యాయం ఉంది. ఐరోపా పార్లమెంటులో 8 కోట్ల పైచిలుకు జనాభా ఉన్న జర్మనీకి 96 సీట్లు, మాల్టాకు 6. అలాంటి సభ నేరుగా పన్ను వేస్తే జర్మన్ ఓటరు తన ఓటు విలువ గురించి అడుగుతాడు. కాబట్టి కేంద్రానికి ఇచ్చే పన్ను అధికారానికి జీడీపీలో ఇంత అని గట్టి పైపరిమితి ఉండాలి. దాన్ని మార్చాలంటే దేశాల పార్లమెంటులే మార్చాలి, లోపల ఖర్చు మాత్రం ఎన్నికైన సభ మెజారిటీతో జరగాలి.

రెండోది, ఉత్తరాది దేశాలు దక్షిణాదికి శాశ్వతంగా కప్పం కట్టాల్సి వస్తుందన్న భయం. మాంద్యంలో పడిన దేశానికి సాయం చేసే ఉమ్మడి నిధిని సరిగా రూపొందిస్తే ఈ భయం అక్కరలేదు. ఏ దేశంలో నిరుద్యోగం ఎంత ఉంది అన్నది లెక్కలోకి తీసుకోకూడదు. ఆ దేశంలో నిరుద్యోగం తన గత సగటుకంటే ఎంత పెరిగింది అన్నదే చూడాలి. అలాంటి నిధి 2005లో ఉండి ఉంటే తీసుకునేది జర్మనీ, కట్టేది స్పెయిన్. అప్పుడు జర్మనీలో నిరుద్యోగం 11 శాతం దగ్గర ఉంది, స్పెయిన్ ఇళ్ల నిర్మాణంతో వెలిగిపోతోంది. ఎనిమిదేళ్లకు స్పెయిన్ నిరుద్యోగం 26 శాతానికి చేరినప్పుడు ప్రవాహం తిరగబడేది. నిరుద్యోగం ఎప్పుడూ ఎక్కువగానే ఉండే దేశానికి అందులోంచి ఏమీ రాదు, దాన్ని సరిదిద్దుకోవడం ఆ దేశం పనే.

కాబట్టి నా పంపకం ఇలా ఉంటుంది. డిపాజిట్ బీమా మొత్తం కేంద్రానికి. బ్యాంకుల పర్యవేక్షణ 2014 నవంబరు నుంచి ఐరోపా కేంద్ర బ్యాంకు చేతికి వెళ్లినా, ఉమ్మడి డిపాజిట్ బీమా ఇంకా కుదరలేదు, అన్నింటికంటే ముందు జరగాల్సింది అదే. నిరుద్యోగ బీమాలో మాంద్యపు వాటా కేంద్రానికి. కర్బన ఉద్గారాల మీద, దేశాల మధ్య లాభాలు తరలించే పెద్ద కంపెనీల మీద వేసే పన్ను కూడా కేంద్రానికే, ఎందుకంటే ఒక్క దేశం వేస్తే పక్క దేశానికి పారిపోతుంది. రక్షణ ఖర్చులో కొంత కూడా అటే వెళ్లేట్టుంది, 2025లో ఆయుధాల కొనుగోలుకు 15,000 కోట్ల యూరోల ఉమ్మడి రుణ పథకం పెట్టారు. ఆదాయపు పన్ను, పింఛన్లు, విద్య, వైద్యం, స్థానిక పన్నులు పూర్తిగా దేశాలకు. రుణం తీర్చలేని దేశం బాండ్లు కొన్నవారితో నష్టం పంచుకునే పద్ధతిని ముందే చట్టంలో రాయాలి. ఇవన్నీ ఉంటే బ్రస్సెల్స్ ప్రతి అక్టోబరులో బడ్జెట్లను దశాంశాల దాకా చూడాల్సిన పని ఉండదు. 2024 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన కొత్త నియమాలు నాలుగు నుంచి ఏడేళ్ల ఖర్చు ప్రణాళికను చూస్తాయి, పాతవాటికంటే నయం. తనిఖీ భారం మాత్రం అలాగే ఉంది.

జర్మనీ ఒప్పుకుంటుందా అని మీ ప్రశ్న చివర అడిగారు. 2025 మార్చిలో జర్మనీ తన రాజ్యాంగంలోని రుణ నిరోధక నియమాన్నే సడలించి, మౌలిక వసతులకు 50,000 కోట్ల యూరోల నిధి పెట్టుకుంది. సొంత ఇంట్లో వచ్చిన ఆ మార్పు ఐరోపా స్థాయికి ఇంకా పాకలేదు. 2023 డిసెంబరులో సహాయ నిధి సంస్కరణను తిరస్కరించింది ఇటలీ పార్లమెంటు, కాబట్టి అడ్డంకి ఒక్క ఉత్తరాదిలోనే లేదు. మీరు గమనించాల్సింది 2028-34 బడ్జెట్ చర్చలను. 2025 జులైలో కమిషన్ దాదాపు రెండు లక్షల కోట్ల యూరోల ప్రతిపాదన పెట్టింది. అది జాతీయాదాయంలో 1.26 శాతం, అందులో 0.11 శాతం 2020 నాటి అప్పు తీర్చడానికే. దానితో పాటు కొత్త ఉమ్మడి ఆదాయాలు, సంక్షోభంలో రుణాలిచ్చే ఏర్పాటు కూడా ప్రతిపాదించింది. పత్రికలు మొత్తం అంకె చుట్టూ తిరుగుతాయి. మీరు మాత్రం ఆ చివరి రెండూ తుది పాఠంలో మిగిలాయో లేదో చూడండి. ఆదాయాల నిర్ణయానికి 27 పార్లమెంటుల ఆమోదమూ కావాలి.